నిండుకున్న ఇంధనం

ఆ సాయంత్రం నోరు జారకుండా విమానం దింపితే చాలు, హైమవతి కెప్టెన్ అయిపోతుంది. దింపడం గురించి ఆమెకు బెంగ లేదు. ఏళ్ళ తరబడి కో-పైలట్ సీట్లో కూర్చుని ఎండా వానా చూసిన మనిషి. బెంగంతా నోటి గురించే.

గగనశ్రీ విమాన సంస్థలో అశుభం పలకడం నిషేధం. ఈ నిషేధం ఎలా వచ్చిందో చెప్పకపోతే ఎవరూ నమ్మరు. చెప్పినా నమ్మరు, అయినా చెప్పుకోవాలి.

ఆ మధ్య సంస్థవారికి ఉన్నట్టుండి తెలుగు మీద ప్రేమ పుట్టింది. విమానంలో ప్రకటనలన్నీ తెలుగులో ఉండాలన్నారు. బాగానే ఉంది. రన్‌వే ఎదురుగా కనిపిస్తుండగా చివరిసారి కిందికి దిగడాన్ని ఫైనల్ అప్రోచ్ అంటారు. దాన్ని ఎవరో మహానుభావుడు ‘అంతిమ యాత్ర’ అని తెలుగు చేశాడు. మొదటి రోజే స్పీకర్లో తియ్యటి గొంతు ఒకటి, “ప్రయాణికులకు మనవి. మన విమానం అంతిమ యాత్ర ప్రారంభించింది. దయచేసి సీటు బెల్టులు బిగించుకోండి,” అనేసరికి ఒక పెద్దాయన బెల్టు విప్పుకుని లేచి, తను అంతకుముందు స్టేషన్లోనే దిగిపోతానని గొడవ చేశాడు. సంగతి పేపర్లకెక్కింది. మామూలు సంస్థయితే ఆ ఒక్క మాటా మార్చి ఊరుకునేది. గగనశ్రీ చైర్మన్ రఘోత్తం గారు అలా ఊరుకునే మనిషి కాదు. ఆయన మూలాల్లోకి వెళ్ళారు.

మూలాల్లో ఆయనకు తథాస్తు దేవతలు కనిపించారు.

“సంధ్యవేళ చెడ్డమాట అనకురా, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, తథాస్తు అనేస్తారు అని మా నాయనమ్మ చెప్పేది,” అన్నారాయన బోర్డు మీటింగులో. “భూమ్మీద ఉన్నవాళ్ళకే అంత భయముంటే, రోజూ వాళ్ళ వీధిలోంచే రాకపోకలు సాగించే మనకెంత భయముండాలి? వాళ్ళ గుమ్మం ముందు నుంచి పోతూ ఇంజిన్ ఫెయిలయింది అంటే ఏమవుతుందో ఏ ఇంజినీరైనా ఆలోచించాడా?”

ఏ ఇంజినీరూ ఆలోచించలేదు. అందరూ తలలు దించుకున్నారు. ఒక్క ముసలి ఇంజినీరు మాత్రం, పైలట్లు మాట్లాడేది ఇంగ్లీషులో కదండీ అన్నాడు. “దేవతలకు ఇంగ్లీషు రాదని మీకెవరు చెప్పారు? ఇన్నేళ్ళుగా విమానాల పక్కనే తిరుగుతున్నారు. ఆ మాత్రం పట్టుబడి ఉండదా?” అని చైర్మన్ గారు ఎదురడిగారు.

అలా మాటల్లోని శుభాశుభాలు కనిపెట్టే ఉపశ్రుతి విభాగం పుట్టింది. దానికి అధిపతిగా పరబ్రహ్మం గారు వచ్చారు. శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో జీవితమంతా ప్రూఫులు దిద్ది, ఒక్క అశుభాక్షరం కూడా బయటికి పోనివ్వని మనిషి. విమానం ఎక్కడం మాత్రం ఈ ఉద్యోగంతోనే మొదలు. ఆయన మన ఇళ్ళల్లోంచే మాటలు ఏరారు. బియ్యం అయిపోతే ఏ ఇల్లాలూ అయిపోయాయనదు, నిండుకున్నాయంటుంది. దీపం ఆరిపోతే కొండెక్కిందంటుంది. గాజు పగిలితే పెరిగిందంటుంది. వంటింట్లో ఈ మాటలతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఆయన వాటిని తీసుకెళ్ళి కాక్‌పిట్లో పెట్టారు. ఇంజిన్ ఆగితే కొండెక్కింది. అద్దం పగిలితే పెరిగింది. ఏదైనా చెడిపోతే విశ్రమించింది. విమానం నీళ్ళలో దిగాల్సి వస్తే ‘గంగాస్నాన ఘడియ’. ఈ చివరిది మొదటిసారి విన్న ఒకావిడ, ఏ రేవులో చేయిస్తారమ్మా, తువ్వాలు మీరే ఇస్తారా అని అడిగింది.

ఆపదలో పైలట్లు ‘మేడే’ అని మూడుసార్లు అరవడం ప్రపంచమంతా ఉంది. గగనశ్రీలో దాని బదులు మూడుసార్లు ‘శుభమస్తు’ అనాలి.

అశుభం పలికినవాళ్ళకు జరిమానా వగైరాలు లేవు. మైల పడుతుంది. మైల తీరేదాకా విమానం ముట్టుకోకూడదు. కెప్టెన్ పదవికి పరీక్ష ఇస్తున్నవాళ్ళు పలికితే పరీక్ష పోయినట్టే. మళ్ళీ ఎప్పుడు పెడతారో ఆ తథాస్తు దేవతలకే తెలియాలి.

అందుకే ఆ సాయంత్రం హైమవతి పెదవులు బిగబట్టుకుని విమానం నడుపుతోంది. హైదరాబాద్ నుంచి సాగరవరం. నిండా జనం. పక్క సీట్లో కెప్టెన్ విశ్వపతి గారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఒక్కసారి కూడా మైల పడని రికార్డు ఆయనది. దాంతోనే ఇంటికి పోవాలని ఆయన కోరిక. ఆ రోజు హైమ నడుపుతుంటే ఆయన రేడియోలో మాట్లాడాలి, ఆమె అడిగిన మీటలు వెయ్యాలి. వాళ్ళ వెనక మడత సీట్లో పరబ్రహ్మం గారు. ఆయన ఒళ్ళో చిన్న ఇత్తడి గంట. ఎవరైనా అశుభం పలికితే, ఆ మాట దేవతల చెవిన పడకుండా ఆయన గంట మోగించాలి.

సూర్యుడు దిగిపోతున్నాడు. సముద్రం ఒడ్డున సాగరవరం దీపాలు కనిపిస్తున్నాయి.

“సార్, పలకలు వికసింపజేయండి,” అంది హైమ. ఫ్లాప్స్ వెయ్యండి అనేదానికి గగనశ్రీ భాష అది. కిందికి అనే మాట పతనాన్ని సూచిస్తుంది కనుక పలకలు కిందికి దిగవు, వికసిస్తాయి. పైకి లేవవు, ముకుళిస్తాయి.

విశ్వపతి మీట వేశాడు. టింగుమని శబ్దమైంది.

“నేనేమీ అనలేదండీ,” అన్నాడాయన కంగారుగా వెనక్కి తిరిగి.

“నేనూ మోగించలేదు,” అన్నారు పరబ్రహ్మం గారు గంట చూపిస్తూ.

మోగింది విమానం. ముందున్న మీటర్ల బోర్డు మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. ఫ్లాప్స్ సూది కొంచెం కదిలి, మధ్యలో నిలబడిపోయింది. విశ్వపతి మీట వెనక్కి తోసి మళ్ళీ లాగాడు. సూది ఉలకలేదు, పలకలేదు.

ఫ్లాప్స్ అంటే రెక్కల వెనక అంచున ఉండే రేకులు. దిగేటప్పుడు అవి కిందికి వంగితేనే విమానం నెమ్మదిగా వచ్చినా గాల్లో నిలబడుతుంది. అవి వంగకపోతే జోరుగా రావాలి, జోరుగానే నేల తాకాలి, ఆగడానికి పొడుగాటి రన్‌వే కావాలి. సాగరవరం రన్‌వే పొట్టిది. దాని చివర సముద్రం.

“ఫ్లాప్స్ చె—” అని హైమ నాలుక కరుచుకుంది. వెనక గంట సగం లేచి ఆగింది. ఆమె ఇంకో మాట మాట్లాడకుండా ఇంజిన్లకు బలమిచ్చి, దిగడం మానేసి, విమానాన్ని మళ్ళీ పైకి లేపింది. సముద్రం మీద చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

“సార్, ఇలాంటప్పుడు చెయ్యాల్సినవి చదవండి,” అంది.

పాత పుస్తకం ఉన్నచోట ఇప్పుడు పరబ్రహ్మం గారు దిద్దిన కొత్త పుస్తకం ఉంది. విశ్వపతి కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. “రెక్కల పలకలు వికాస విముఖత చూపినచో, చోదకుడు ప్రశాంత చిత్తుడై, వేగమును యథోచితముగా నిలుపుకొనుచు, భూదేవి ఒడి చేరవలెను.”

“ఎంత వేగం సార్? పాత పుస్తకంలో పట్టిక ఉండాలి కదా.”

“యథోచితముగా అని ఉందమ్మా.”

“ఆ పట్టికలో ఎనిమిదులు ఎక్కువున్నాయమ్మా,” అన్నారు వెనకనుంచి పరబ్రహ్మం గారు. “ఎనిమిది ప్రయాణానికి మంచిది కాదు. తీసేయించాను.”

హైమకు ఒళ్ళు మండిపోయింది. అయినా పళ్ళు బిగించి, శిక్షణలో నేర్చుకున్న లెక్కలు గుర్తు తెచ్చుకుని వేగం తనే కట్టుకుంది. సాగరవరంలో దిగితే ఎంతలో ఆగుతుందో కూడా కట్టుకుంది. నీళ్ళలో ఆగుతుంది. కాస్త అవతల రేవుపట్నం ఉంది. అక్కడి రన్‌వే పొడుగు. వెంటనే అటు తిరిగితే సరిపోతుంది. అదే మాట విశ్వపతితో అంది.

“వెళ్దాం. ముందు కంట్రోల్ టవర్‌కు చెప్పి, ఆఫీసును ఒక మాట అడుగుదాం,” అన్నాడాయన.

ఆపదలో కెప్టెన్ తనంతట తానే నిర్ణయం తీసుకోవచ్చని లోకమంతా ఒప్పుకుంది. గగనశ్రీ కూడా ఒప్పుకుంది. కాకపోతే ముందు ఒక మాట అడగమంది.

విశ్వపతి గొంతు సవరించుకుని రేడియోలో, “శుభమస్తు, శుభమస్తు, శుభమస్తు,” అన్నాడు.

సాగరవరం టవర్‌లో ఉన్నతను బదులిచ్చాడు. “గగనశ్రీ, మీకూ శుభమస్తు. ఇవాళేమన్నా పండగా సార్?”

“మా పలకలు విశ్రమించాయి.”

“ఎవరు సార్?”

“పలకలు. రెక్కలవి. వికసించడం లేదు.”

“గగనశ్రీ, మీరు చెప్పింది నాకు అందలేదు. మీకేమైనా సాయం కావాలా? ఏదైనా సమస్య ఉందా?”

సమస్య అనే మాట నిషిద్ధ పదాల్లో మొదటి పేజీలో ఉంది. దానికి అవునని కూడా అనకూడదు. “మాకు ఒక అవకాశం ఎదురైంది,” అన్నాడు విశ్వపతి. టవర్ అతను ఏమనుకున్నాడో గానీ, కంగ్రాచులేషన్స్ అన్నాడు.

తర్వాత ఆఫీసు. హైదరాబాద్‌లో గగనశ్రీ ఆపరేషన్స్ గదిలో ఆ పూట నిషాంత్ అనే కుర్ర మేనేజరు ఉన్నాడు. పుట్టింది అమీర్‌పేటే. కాకపోతే బోర్డింగ్ స్కూళ్ళలో పెరిగి, ఎంబీఏ చేసి, తెలుగును సినిమాల్లో విన్నంతవరకు నేర్చుకున్నవాడు.

“శుభమస్తు సార్, చెప్పండి,” అన్నాడు హుషారుగా.

“నాయనా, పలకలు విశ్రమించాయి. సాగరవరం రన్‌వే మాకు మితంగా ఉంది. రేవుపట్నం వెళ్ళాలనుకుంటున్నాం.”

“రేవుపట్నంలో మన ఇంజినీర్లు లేరు కదా సార్. హైదరాబాద్ వెనక్కి వచ్చేయండి, రన్‌వే ఇంకా పెద్దది, మనవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు. ఫ్యూయల్ ఎట్లా ఉంది?”

విశ్వపతి సూచిక చూశాడు. పైకి లేచి చుట్లు కొట్టడంలో, శుభమస్తులు చెప్పుకోవడంలో చాలా ఖర్చయింది. “నిండుకుంటోంది నాయనా,” అన్నాడు.

“సూపర్ సార్. అయితే ప్రాబ్లమే లేదు, వచ్చేయండి.”

“నిండుకుంటోందంటున్నాను.”

“అదే సార్, విన్నాను.” నిషాంత్ గొంతులో భక్తి ధ్వనించింది. “గాల్లో ఉండగా కూడా నిండుతోందంటే, కొత్త రూల్స్ పెట్టాక మనవాళ్ళు ఏదో చేశారు సార్. చైర్మన్ సార్‌కి ఇప్పుడే మెసేజ్ పెడతా.”

విశ్వపతి వెనక్కి తిరిగి, మరి దీన్నెలా చెప్పాలండీ అన్నట్టు పరబ్రహ్మం గారి వంక చూశాడు.

“మీరు సరిగ్గానే సెలవిచ్చారు,” అన్నారు పరబ్రహ్మం గారు. “నిండుకోవడమే శిష్ట వ్యవహారం. ఆ అబ్బాయి గ్రహించలేకపోతే అది పెంపకం లోపం.”

ఇంతలో కాక్‌పిట్ ఫోను మోగింది. వెనక ప్రయాణికుల దగ్గర ఉండే సలోమి. గుంటూరు పిల్ల. హైమతో చాలాకాలంగా కలిసి ఎగురుతోంది.

“హైమక్కా, తలుపు కాడ మీ మాటలు విని, రూలు ప్రకారం మైకులో చెప్పాను,” అంది. “పలకలు విశ్రాంతి తీసుకుంటన్నయ్యి, ఇంధనం నిండుకుంటా ఉంది అని. చిన్నోళ్ళంతా చప్పట్లు కొడతన్నారు. ముసలోళ్ళంతా ఏడస్తన్నారు. ఇప్పుడు ముసలోళ్ళు చిన్నోళ్ళకి అర్థం చెబుతున్నారు. ఇంకాసేపట్లో అందరూ ఏడుస్తారు. ఇంతకీ మనకేమైంది అక్కా? నాక్కూడా శుభంగానే చెబుతావా?”

హైమకు కెప్టెన్ పదవి కళ్ళముందు మెదిలింది. భుజం మీద కెప్టెన్లకుండే నాలుగో పట్టీ ఎక్కడ వస్తుందో కూడా కనిపించింది. ఎన్నేళ్ళ ఎదురుచూపు. నోరు తెరిస్తే పోతుంది. తెరవకపోతే వెనకున్న జనమంతా పోతారు. లెక్క అంత కష్టమైనదేమీ కాదు, అయినా ఆమెకు ఏడుపొచ్చింది.

“ఫ్లాప్స్ చెడిపోయాయి సలోమీ,” అంది.

గంట మోగింది.

“ఫ్యూయల్ అయిపోతోంది.”

మళ్ళీ మోగింది.

“రేవుపట్నంలో దిగుతున్నాం. మామూలు కంటే చాలా జోరుగా దిగుతాం. బ్రేకులు వేడెక్కిపోతాయి, పొగలు రావచ్చు. నేను క్షేమంగా దింపుతాను. నువ్వు మాత్రం వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పు.”

“అమ్మయ్య,” అంది సలోమి. ఫోను పెట్టేసింది. ఆ వెంటనే తలుపు అవతల నుంచి మైకులో ఆమె గొంతు వినిపించింది. “అందరూ ఇటు చూడండి. ఇందాక నేను చెప్పిందంతా వదిలేయండి. రెక్కల్లో ఒక సామాను చెడిపోయింది. విమానం జోరుగా దిగుద్ది. తల దించుకుని, ముందు సీటు గట్టిగా పట్టుకోండి. భయపడితే పడండి గానీ, నేను చెప్పేదాకా ఎవరూ లేవమాకండి.” లోపల ఏడుపులు తగ్గాయి. బెల్టులు బిగిస్తున్న చప్పుడు వినిపించింది.

హైమ మైకు అందుకుంది. “నిషాంత్, నిండుకోవడమంటే అయిపోవడం. హైదరాబాద్ వైపు వస్తే దారిలోనే కూలిపోతాం. రేవుపట్నం వెళ్తున్నాం. అడగడం లేదు, చెప్తున్నాను.”

“మేడం, అయిపోవడాన్ని నిండుకోవడం అని ఎందుకంటారు?” అన్నాడు నిషాంత్, నిజంగానే తెలియక. దానికి జవాబు చెప్పే తీరిక అప్పుడెవరికీ లేదు.

“అమ్మా హైమా,” అన్నాడు విశ్వపతి. “నీ పరీక్ష.”

“పోయింది సార్. ఇక భయమేముంది? టవర్‌కు చెప్పండి.”

విశ్వపతి పరబ్రహ్మం గారిని చూశాడు, ఇంధనం సూదిని చూశాడు. జీవితంలో మొదటిసారి గొంతెత్తి, “మేడే, మేడే, మేడే,” అన్నాడు. ఆ మూడు మాటలకు సాగరవరం టవర్‌లో మనిషే మారిపోయాడు. ఎటు తిరగాలో, ఎంత ఎత్తులో ఉండాలో, రేవుపట్నంలో గాలి ఎటునుంచి వీస్తోందో గబగబా చెప్పాడు. అక్కడ రన్‌వే ఖాళీ చేయించాడు. ఫైరింజన్లు రప్పించాడు. చివర్లో, “ముందే ఈ ముక్క అంటే అయ్యేది కదా సార్,” అన్నాడు.

దారంతా గంట మోగుతూనే ఉంది. హైమ అడుగుతోంది, విశ్వపతి చెబుతున్నాడు. తగ్గించండి, దించండి, లేదు, చాలదు, ప్రమాదం. ప్రతి మాటకూ గంట. చేసేది పూజో, నడిపేది విమానమో తెలియకుండా ఉంది. రేవుపట్నం రన్‌వే దీపాలు ఎదురుగా పరుగెత్తుకుంటూ వస్తున్నాయి. ఎప్పుడూ రానంత వేగంగా వస్తున్నాయి. అప్పుడు గంట మోగడం ఆగిపోయి, వెనక సీట్లోంచి, “చచ్చాంరా దేవుడా,” అని వినిపించింది.

చక్రాలు నేలను కొట్టాయి. విమానం ఒక్కసారి ఎగిరిపడి, మళ్ళీ తాకి, గజగజ వణుకుతూ దూసుకుపోయింది. హైమ బ్రేకుల మీద నిలబడినంత పనిచేసింది. రన్‌వే చివరి ఎర్రదీపాలు దగ్గరికొస్తున్నాయి, ఇంకా దగ్గరికొస్తున్నాయి, అక్కడ ఆగాయి. చక్రాల నుంచి పొగలొచ్చాయి. ఫైరింజన్లవాళ్ళు నీళ్ళు కొట్టారు. జనమంతా వరసగా దిగి, గడ్డిలో కూర్చుని, ఇళ్ళకు ఫోన్లు చేసుకున్నారు. ఒక్కరికి కూడా గీరుకుపోలేదు.

పరబ్రహ్మం గారు అందరికంటే చివర దిగారు. మెట్ల దగ్గర ఆగి, “ఆ చివరి మాట నాదేనమ్మా. రాసుకున్నాను,” అన్నారు. మనిషి చాదస్తుడే గానీ అబద్ధాలకోరు కాదు.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. పొడుగాటి బల్ల చుట్టూ చైర్మన్ గారు, డైరెక్టర్లు. ఒక చివర హైమ. ఆమె అప్పటికే మైలలో ఉంది కనుక కుర్చీ కాస్త దూరంగా వేశారు. మైల పడ్డ పరబ్రహ్మం గారు గుమ్మం బయట నిలబడి నివేదిక చదివారు.

“కో-పైలట్ గారు ఆ సంధ్యవేళ, దేవతల నివాస ప్రాంతంలో, గంట మోయలేనంత అశుభం పలికారు,” అన్నారాయన. “పలికినంతా నేను సరిచూశాను. పలకలు చెడిపోయాయన్నారు. ఇంజినీర్లు విప్పి చూశారు. చెడిపోయే ఉన్నాయి.”

డైరెక్టర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

“ఇంధనం అయిపోతోందన్నారు. ట్యాంకులు తెరిచి చూస్తే అడుగంటి ఉంది. బ్రేకులు వేడెక్కిపోతాయన్నారు. వేడెక్కాయి. పొగలు వస్తాయన్నారు. వచ్చాయి. క్షేమంగా దింపుతానన్నారు. దింపారు.”

చైర్మన్ గారు మెల్లగా లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“అంటే ఆవిడ ఏదంటే అది జరిగింది,” అన్నారు. “ఇది వాక్శుద్ధి. అశుభమంటే భయపడి మనం ఇన్నాళ్ళూ నోళ్ళు కట్టుకున్నాం గానీ, మన సంస్థలోనే ఇలాంటి మనిషి ఉందని తెలుసుకోలేకపోయాం.”

“సార్, నేను జరిగింది చెప్పాను,” అంది హైమ. “నేను చెప్పానని జరగలేదు.”

“అది మీ వినయం.” చైర్మన్ గారు చేతులు జోడించారు. “ఇలాంటి నోరు ఇక గాల్లో ఉండకూడదు. దేవతల పక్కన మీరు తుమ్మినా ప్రమాదమే. మీకోసం వాక్శుద్ధి విభాగమని కొత్తది పెడుతున్నాం. డైరెక్టర్ మీరే. ఏసీ గది. పొద్దున్నే వచ్చి మైకు ముందు కూర్చుని, మన విమానాలన్నీ బాగున్నాయని సాయంత్రం దాకా అంటూ ఉండాలి. ఇంజినీర్ల ఖర్చు కూడా కలిసొస్తుంది.”

బల్ల చుట్టూ అందరూ బాగుంది, బాగుంది అన్నారు.

“నన్ను మళ్ళీ విమానం నడపనివ్వరా?”

“ఆ మాట మర్చిపోండి.”

హైమ వాళ్ళందరినీ ఒకసారి కలయజూసింది. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు ఎక్కడలేని తెగింపూ వచ్చింది. ఈ మనుషులకు ఇంజిన్ల గురించి చెప్పి లాభం లేదు. వాళ్ళకర్థమయ్యే భాష ఒకటే ఉంది. ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుని, స్పష్టంగా, నింపాదిగా మొదలుపెట్టింది.

“నన్ను కెప్టెన్ని చెయ్యకపోతే ఈ కంపెనీ...”

“ఆగండాగండి,” అన్నారు చైర్మన్ గారు. ఒక డైరెక్టరు చెవులు మూసుకున్నాడు. ఇంకొకాయన బల్ల కింద ఏదో వెతుక్కోసాగాడు.

“ఈ కంపెనీ ఏడాది తిరక్కుండా...”

“అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆ వాక్యం పూర్తి చెయ్యకు. ఏం కావాలి?”

“కెప్టెన్ ఉద్యోగం. నా పాత పుస్తకం, అందులో పట్టిక, ఎనిమిదులతో సహా. చెడిపోతే చెడిపోయిందని, అయిపోతే అయిపోయిందని అనొచ్చని ఉత్తర్వు. మేడే అంటే మేడే.”

చైర్మన్ గారు తర్జనభర్జన పడ్డారు. అన్నీ ఇస్తే ఉపశ్రుతి విభాగం ఉండీ లేనట్టే. ఇవ్వకపోతే వాక్యం పూర్తవుతుంది. “కంపెనీ...” అని హైమ మళ్ళీ అందుకోగానే ఆయన సంతకానికి కలం తీశారు. ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. ‘చెడిపోయిన దానిని చెడిపోయినదని పలుకుట పరమ శుభకరమని సంస్థ పరిశోధనలో తేలినందున’ అని అది మొదలైంది. ఎలా మొదలైతేనేం, చివరికొచ్చేసరికి సరిగ్గానే ఉంది. నాలుగో పట్టీ కూడా ఎవరో పరుగెత్తుకెళ్ళి తెచ్చారు.

హైమ కాగితం చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని లేచింది.

“సరే, పోతాను సార్,” అంది.

గదిలో అందరి గుండెలూ గుభేలుమన్నాయి. డైరెక్టర్లు లేచారు. చైర్మన్ గారు బల్ల చుట్టూ తిరిగి, మైలను కూడా మర్చిపోయి, ఆమె వెనకే లిఫ్టు దాకా వచ్చేశారు. “అమ్మా, అలా అనకూడదు. ఇంత నోరున్నదానివి. వెళ్ళొస్తాను అను తల్లీ. ఒక్కసారి.”

పాపం ఆయన మొహం చూస్తే హైమకే జాలేసింది. “వెళ్ళొస్తాను సార్,” అంది.

చైర్మన్ గారు గుండెల మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకున్నారు. “చల్లగా ఉండు. మళ్ళీ ఎప్పుడు రావడం?”

“రావడమేంటి సార్? రేపు పొద్దున్నే నాకు ఫ్లైటుంది. ఏదో మాటవరసకన్నాను,” అంది కెప్టెన్ హైమవతి. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.